ఎండ రోజుల కార్డులు

పోర్ట్‌గారిక్ గోల్ఫ్ క్లబ్బులో విల్మా కౌయీకి అయినవాళ్ళూ లేరు, కానివాళ్ళూ లేరు. ఉండకూడదని ఆమె పెట్టుకున్న నియమం. ఇరవై రెండేళ్లుగా అక్కడ హ్యాండిక్యాప్‌లు చూసే పని ఆమెదే. గోల్ఫులో తక్కువ దెబ్బలతో ముగించినవాడిదే గెలుపు కాబట్టి, ఆట అంతంతమాత్రంగా వచ్చినవాడికి ఇన్ని దెబ్బల మినహాయింపు అని ఒక అంకె ఇచ్చి, ఆరితేరినవాడి పక్కన సమానంగా నిలబెట్టే పని అది. జీతం లేదు, దండలు లేవు. తిట్లు మాత్రం ఏడాది పొడుగునా దొరుకుతాయి. ఆ అంకె పెద్దదైతే పోటీలో గెలవడం తేలిక, చిన్నదైతే నలుగురిలో గొప్ప. కాబట్టి ఎవరికిచ్చిన అంకె వాళ్ళకు నచ్చదు.

అంతకుముందు ఇరవై ఆరేళ్ళు ఆమె రేవులోని చేపల మార్కెట్లో తూకం గదిలో కూర్చుంది. పడవ ఎవరిదైనా ముల్లు చూపించిందే రాసేది. సొంత తమ్ముడి పడవ వచ్చిన రోజున కూడా పెట్టెల్లోంచి ఐసు నీళ్ళు పూర్తిగా కారేదాకా ఆగి మరీ తూచింది. ఆ తమ్ముడు రెండు క్రిస్మస్‌లు ఆమె గడప తొక్కలేదు. మూడో ఏడు తనే వచ్చి సూప్ తాగి వెళ్ళాడు. విల్మా ఆ సంగతి గర్వంగా చెప్పుకోదు, బాధగానూ చెప్పుకోదు. అడిగితే చెబుతుంది, అంతే.

క్లబ్బులో మోసగాళ్ళను ఆమె చాలా రకాలు చూసింది. అంకె లెక్క కట్టేది ఆటగాళ్ళు ఇచ్చే దెబ్బల కార్డుల నుంచే కాబట్టి, బాగా ఆడిన రోజు కార్డు ఇవ్వడం మరిచిపోయేవాళ్ళు ఒక రకం. పళ్ళ డాక్టరు ఒకాయనకు ఈ మతిమరుపు మరీ ఎక్కువగా ఉండేది. చెత్తగా ఆడిన రోజు మాత్రం వానలో తడుస్తూ వచ్చి కార్డు పెట్టెలో వేసేవాడు. పెద్ద పోటీ రాగానే ఇన్నాళ్లు పోగేసుకున్న మినహాయింపుతో కప్పు ఎత్తుకుపోయేవాడు. ఇలాంటివాళ్ళను బారులో కూర్చున్నవాళ్ళు బందిపోటు అంటారు. విల్మా ఆయనతో ఒక్క మాట అనలేదు. చివరి గుంట దగ్గరి చెత్తబుట్టలో, నాలుగు ముక్కలుగా చింపిన ఆయన మంచి కార్డు దొరికితే టేపుతో అతికించి నోటీసు బోర్డుకు తగిలించింది. కింద సంతకమైనా చెయ్యలేదు. ఆ తర్వాత ఆయనకు మతిమరుపు దానంతటదే కుదిరింది. ఇప్పటికీ ఆమె పళ్ళు ఆయనే చూస్తాడు, మహా జాగ్రత్తగా.

ఇలాంటి విల్మాకు ఆ జూలైలో తలకొట్టేసినంత పనయింది. ఎందుకంటే ఈసారి బందిపోటు అన్న పేరు పడింది ఆమె మొగుడికి.

అలిక్ కౌయీకి డెబ్బై ఒకటి. ఎండ్రకాయల పడవ నడిపి, మోకాళ్ళు సహకరించక మానేసినవాడు. మాటలు తక్కువ. పెళ్ళయిన నలభై రెండేళ్లలో ఆమెను పేరు పెట్టి పిలిచింది బహుశా పెళ్ళిలో ఒక్కసారే, అదీ పాస్టరు గారు చెప్పించబట్టి. మిగతా రోజులన్నీ పిల్లా అనే పిలుస్తాడు. అరవై ఆరేళ్లొచ్చినా ఆ పిలుపు మారలేదు. మంగళవారం, శనివారం పొద్దున్న ఎనిమిదింటికి చేపల వ్యాను నడిపే ఇనెస్ స్లేటర్‌తో కలిసి ఆటకు వెళతాడు. పన్నెండేళ్లుగా అతని హ్యాండిక్యాప్ పదిహేను. అటు ఒకటి, ఇటు ఒకటి, అంతకుమించి కదలలేదు.

ఆ ఏడాది మాత్రం కదిలింది. మార్చిలో పదహారు, ఏప్రిల్లో పదిహేడు, జూన్ చివరికి పంతొమ్మిది. ఆ అంకెలు తన చేత్తోనే ఎక్కిస్తూ విల్మా ఒకసారి అడిగింది, ఏమయింది నీ ఆటకు అని. వయసు అన్నాడు. మోకాళ్ళా అంటే, అవీ అన్నాడు. పోనీలే అనుకుంది.

జూలై రెండో శనివారం హార్బర్ కప్పు. ఊరు మొత్తానికి ఏడాదిలో అసలు పోటీ అదే. ఆ పొద్దున, ఆ తీరంవాళ్ళు హార్ అని పిలిచే మంచు దిగింది. సముద్రం మీంచి లేచిన తెల్లటి మంచు గట్టు ఎక్కి, ఆట మైదానం మీద దుప్పటి కప్పినట్టు పడుకుంది. నూరు గజాల అవతల గుంటల్ని చూపించే జెండాలు లేవు, గుట్టలు లేవు. ఆపేద్దామా వద్దా అని కమిటీ గంటసేపు గొణిగి, చివరికి ఆడండి అంది. ఆడినవాళ్ళు బంతుల్ని సముద్రానికి, ముళ్ళపొదలకు సమర్పించుకుని, తొంభైలలో కార్డులు పట్టుకుని తిరిగొచ్చారు. అలిక్ ఎనభై మూడు ఆడి వచ్చాడు. పంతొమ్మిది మినహాయిస్తే అరవై నాలుగు. రెండో స్థానంలో ఉన్నవాడికీ అతనికీ ఆరు దెబ్బల తేడా. ఆ క్లబ్బులో అంత తేడాతో ఎవరైనా గెలిచినట్టు ముసలివాళ్ళకు కూడా గుర్తులేదు.

కప్పు ఇస్తుంటే చప్పట్లు కొట్టారు గానీ, అవి చేతులకు తగిలిన వర్షం దులుపుకున్నట్టున్నాయి. సోమవారానికి బారులో చెవులు కొరుక్కోవడం మొదలైంది. ఆర్నెల్లు పడకేసి, ఒక్క రోజు లేచి పరుగెత్తే ఆటగాడు ఎక్కడైనా ఉంటాడా అన్నారు. అంకె పెంచింది ఎవరు, ఇంట్లో ఆవిడే కదా అని కూడా అన్నారు. విల్మా లోపలికి అడుగు పెట్టగానే మాటలు వాతావరణం మీదకి మళ్ళేవి. ఆ వారం పోర్ట్‌గారిక్‌లో వాతావరణం గురించి జరిగినంత చర్చ ఎప్పుడూ జరగలేదు.

బుధవారం క్లబ్ కెప్టెన్ హెక్టర్ రిచీ ఇంటికొచ్చాడు. ఒకప్పటి హెడ్మాస్టరు. ఇప్పటికీ ఎదుటివాళ్ళ గోళ్ళు శుభ్రంగా ఉన్నాయో లేదో చూసి గానీ మాట్లాడడు. అలిక్ లేని సమయం చూసుకునే వచ్చాడు. చెప్పాల్సింది మర్యాదగానే చెప్పాడు. పదకొండు మంది సంతకాలతో ఫిర్యాదు వచ్చింది. వచ్చే వారం గురువారం సాయంత్రం నాలుగింటికి కమిటీ కూర్చుంటుంది. తప్పు తేలితే కప్పు వెనక్కి, ఏడాది సస్పెన్షన్. ఆమె తన భర్త సంగతిలో తీర్పు చెప్పకూడదు కాబట్టి ఆ రోజు కార్డులు తెచ్చి ఇస్తే చాలు.

"మీ నిజాయితీ మీద మాకెవరికీ అనుమానం లేదు, విల్మా," అన్నాడు లేవబోతూ.

"ఉందిలెండి. లేకపోతే ఆ మాట అనాల్సిన పనే లేదుగా," అంది ఆమె.

రిచీ టోపీ పెట్టుకున్నాడు.

ఆయన వెళ్ళాక విల్మా వంటింట్లో నిలబడిపోయింది. కప్పు పోతుందని కాదు ఆమె భయం. ఈ పనిలోంచి తీసేస్తారనీ కాదు. పక్కన నలభై రెండేళ్లుగా పడుకుంటున్న మనిషి, తన చేతే తప్పుడు అంకె రాయించాడా అన్నదే ఆమె గుండెల మీది కుంపటి. అలిక్‌ను ఒక్క మాట అడిగితే పోతుంది. అడగలేకపోయింది. అవునంటే ఏం చెయ్యాలో తెలుసు. కాదంటే నమ్మగలనా లేదా అన్నదే తెలియలేదు. అదే ఆమెను ఎక్కువ భయపెట్టింది.

రోజులు గడిచాయి. అలిక్ ముందు హాడక్ చేప పెట్టి, ఎదురుగా కూర్చుని, అతను ముళ్ళు తీసుకునే తీరు చూసేది. తల బాగా కిందకి వంచి, వేళ్ళతో తడిమి తీసేవాడు. మొహం చాటేస్తున్నాడు అనుకుంది. అనుమానం పట్టిన కంటికి చేప తినడం కూడా నేరంలాగే కనబడుతుంది. ఊళ్ళో మాట అతని చెవిన పడిందని ఆమెకు తెలుసు. పడినా అతను పెదవి విప్పలేదు. తప్పు చేయనివాడు అరవడా అని ఆమె మనసు ఊరికే అడుగుతూ ఉండేది.

గురువారం పొద్దున, అలిక్ కిందికి దిగక ముందే, కప్పు పోటీకి ముందు అతనిచ్చిన ఆ ఏడాది కార్డులన్నీ వంటింటి బల్ల మీద పరిచింది. మొత్తం ఇరవై. కమిటీకి ఇచ్చే ముందు తనకు తానుగా ఒకసారి తూచి చూడాలనుకుంది. మొగుడని కాకుండా, ఎవరో కొత్త సభ్యుడివి అనుకుని చూడటం మొదలుపెట్టింది.

కావాలని చెడగొట్టేవాడి కార్డు ఎలా ఉంటుందో ఆమెకు కంఠతా వచ్చు. మొదట బాగానే ఆడతాడు. పద్నాలుగో గుంట దగ్గర లెక్క చూసుకుంటాడు. అమ్మో, ఎక్కువ బాగా ఆడేస్తున్నాను అనుకుని చివరి నాలుగు గుంటల దగ్గర అర గజం దూరంలోని బంతిని కూడా పక్కకి తోస్తాడు. చెడగొట్టుడు ఎప్పుడూ చివర్లోనే ఉంటుంది. మొదట్లోనే చెడగొట్టుకునే తెలివితక్కువ మోసగాణ్ణి ఆమె ఇంతవరకు చూడలేదు.

అలిక్ కార్డులు మొదట్లోనే చెడ్డాయి. పోయేటప్పుడు తొమ్మిది గుంటలకు యాభై నాలుగు, వచ్చేటప్పుడు తొమ్మిదింటికి నలభై మూడు. మరో కార్డు యాభై మూడు, నలభై రెండు. ఇంకోటి యాభై అయిదు, నలభై మూడు. వచ్చేటప్పటి ఆట పన్నెండేళ్ల నాటి అలిక్ ఆటే. పోయేటప్పటిది ఎవరో ముక్కూ మొహం తెలియనివాడి ఆట. విల్మా కుర్చీలోంచి లేచి మళ్ళీ కూర్చుంది. నాలుగు కార్డుల్లో మాత్రం ఈ తేడా లేదు. పోయేటప్పుడు నలభై మూడు, వచ్చేటప్పుడు నలభై మూడు. పాత అలిక్ మొత్తంగా అందులో ఉన్నాడు.

ఆ నాలుగు రోజుల్లో ఏముంది? ఆమె తన పుస్తకం తెరిచింది. లెక్కలన్నీ కంప్యూటరే వేసుకుంటున్నా, ఆ రోజు గాలి ఎటు, వాన ఉందా లేదా అని ఆమె ఇప్పటికీ చేత్తో రాసుకుంటుంది. తూకం గదిలో తడి రోజుకీ పొడి రోజుకీ తేడా రాసిన అలవాటు పోలేదు. ఆ నాలుగు తేదీల ఎదురుగా నాలుగు మాటలున్నాయి. మబ్బు. మబ్బు. జల్లు. మబ్బు. మిగతా పదహారింటి ఎదురుగానూ ఒకటే మాట, ఎండ. అలాంటి ఎండాకాలం ఆ తీరం చూసి ఎన్నేళ్లయిందోనని ఊరంతా మురిసిపోయిన ఏడాది అది.

పోర్ట్‌గారిక్ మైదానం ఒడ్డు వెంట తూర్పుకి పోయి, అక్కడ మలుపు తిరిగి పడమరగా ఇంటికొస్తుంది. పొద్దున ఎనిమిదింటికి బయలుదేరినవాడికి పోయేటప్పుడు తొమ్మిది గుంటలూ సూర్యుడు ఎదురు. వచ్చేటప్పుడు వీపు వెనక.

 విల్మాకు చేప ముళ్ళు తడిమి తీసుకునే అలిక్ వేళ్ళు గుర్తొచ్చాయి. ఏప్రిల్ నుంచీ పేపరు చదవడం మానేసి రేడియో పెట్టుకోవడం గుర్తొచ్చింది. చర్చి దగ్గర ఎదురుపడ్డ వాళ్ళు పలకరించేదాకా పలకరించకపోవడం గుర్తొచ్చింది. అది పొగరనుకుని తనే ఒకసారి కసిరింది కూడా.

అలిక్ దిగొచ్చి టీ పోసుకున్నాడు. కప్పు అంచు మీద వేలు పెట్టి, వేడి తగిలేదాకా పోశాడు. ఇన్నాళ్లూ కళ్ళెదురుగా జరుగుతున్నదే.

"అలిక్, ఎండలో నీకు బంతి కనబడటం లేదు కదూ?"

అతను చాలాసేపు చక్కెర కలుపుతూ కూర్చున్నాడు. అతను టీలో చక్కెర వేసుకోడు.

"ఎప్పటినుంచి?" అంది.

"ఫిబ్రవరి. ఎండుంటే కళ్ళల్లో పాలు పోసినట్టుంటుంది. మబ్బుంటే కాస్త నయం."

"మరి ఆ పోటీలో కప్పు గెలిచిందెలా?"

"ఆ రోజు మీ అందరికీ కొత్తగా కనబడకుండా పోయింది. నాకు అలవాటే కదా, పిల్లా. నాలుగో గుంట నుంచి వాగు దాకా ఎన్ని అడుగులో నాకు తెలుసు. చెప్పు కింద గులకరాళ్ళు తగిలితే ఎక్కడున్నానో తెలుస్తుంది. గట్టిగా కొట్టాలంటే భయం, అందుకని మెల్లగా, తిన్నగా కొట్టా. మీరంతా కనబడని జెండా కోసం కళ్ళు పొడుచుకున్నారు. నేను జెండా వంక చూడటం మానేసి ఆర్నెల్లయింది."

విల్మా బల్ల మీద తల ఆనించి ఏడ్చింది. దొంగ కాదు. తన మొగుడు దొంగ కాదు. కళ్ళు పోతున్న మనిషి ఎదుట కూర్చుని ఇంత సంతోషం ఏమిటని సిగ్గు కూడా వేసింది, కానీ ఆ సంతోషం ఆగలేదు. పది నిమిషాలు ఏడ్చాక కోపం దాని వంతుకు అది వచ్చింది.

"నిన్న నన్ను కారులో ఎల్గిన్ తీసుకెళ్లావు."

"మెల్లగానే తీసుకెళ్లాగా."

"ముందు బస్సు వెనకే పాకావు దారంతా. మర్యాదస్తుడివి అనుకున్నా."

"బస్సు ఎర్రగా ఉంటుంది. తెలుస్తుంది," అన్నాడు అలిక్.

ఆమె అతని మీదికి గుడ్డ విసిరింది. అది ఎటు వస్తోందో అతనికి తెలియలేదు, మొహం మీద పడింది. ఇద్దరూ నవ్వారు. నవ్వయ్యాక ఆమె, సాయంత్రం కమిటీలో ఈ మాట చెప్పెయ్యి, అయిపోతుంది అంది. అలిక్ మొహం గట్టిపడింది. చెప్పనన్నాడు.

"బందిపోటు అంటే ఏడాది తిరిగేసరికి మర్చిపోతారు. గుడ్డోడు అంటే చచ్చేదాకా చెయ్యి పట్టుకుని రోడ్డు దాటిస్తారు. మా నాన్నని చూశాగా. పదేళ్లు కిటికీ పక్క కుర్చీలో పెట్టి, వచ్చినోళ్ళంతా చెవిటోడికి చెప్పినట్టు గట్టిగా మాట్లాడేవాళ్ళు. ఆయనకి చెవులు బ్రహ్మాండంగా పనిచేసేవి."

ఆర్నెల్లుగా డాక్టరు దగ్గరకు ఎందుకు పోలేదో అడక్కుండానే ఆమెకు అర్థమైంది. ఆ కుర్చీ తన కోసమే చూస్తోందని అతని భయం. చూపించుకోకపోతే అది రాదన్నట్టు దాక్కున్నాడు. విల్మా కార్డులు దొంతర పెట్టి రబ్బరు బ్యాండు వేసింది.

"నీ కళ్ళ సంగతి నా నోటితో చెప్పను. అది నీది. కానీ అబద్ధం మీద కమిటీ సంతకం పెడుతుంటే చూస్తూ కూర్చోలేను. ఈ పని అక్కడే అప్పజెప్పి వచ్చేస్తా."

 సాయంత్రం ఆమె కారు తాళాలు తన సంచిలో వేసుకుని క్లబ్బుకు నడిచి వెళ్ళింది.

కమిటీ గదిలో అయిదుగురున్నారు. ఇనెస్ స్లేటర్‌ను సాక్షిగా పిలిచారు. కప్పు రోజున అలిక్ కార్డు మీద దెబ్బలు రాసి సంతకం పెట్టింది అతనే. విల్మా ఇరవై కార్డులూ రిచీ ముందు రెండు దొంతరలుగా పెట్టింది. చెడినవన్నీ మొదటి సగంలోనే చెడ్డాయి, మోసగాడు అలా చెడగొట్టుకోడు, ఒక్కసారి చూడండని చెప్పింది. రిచీ కళ్ళద్దాలు సర్దుకుని శ్రద్ధగానే చూశాడు. మరి కారణం ఏమిటని అడిగాడు. కారణం తను చెప్పగలిగింది కాదంది. రిచీ పెన్ను కింద పెట్టాడు. కారణం లేని లెక్క తామెలా ఒప్పుకుంటామన్నాడు, నిజంగానే బాధగా. న్యాయమైన మాటే. ఆయన స్థానంలో తనున్నా అదే అనేది. ఆమె తన పుస్తకం తీసి బల్ల మీద పెట్టింది. ఇరవై రెండేళ్ల తన పని ఇక ఇంకెవరికైనా అప్పజెప్పుకోమంది.

తలుపు తోసుకుని అలిక్ వచ్చాడు. నడిచే వచ్చినట్టున్నాడు, బూట్లకు ఇసుక. నిందపడ్డ మనిషికి మాట్లాడే హక్కుంది కాబట్టి రిచీ కూర్చోమని కుర్చీ చూపించాడు. అలిక్ కూర్చోలేదు. కుర్చీ ఎక్కడ చూపించారో కూడా అతనికి తెలియలేదని విల్మాకు తెలుసు. అలిక్ రిచీ గొంతు వచ్చిన వైపు మొహం తిప్పాడు.

"నాకు సరిగ్గా కనబడదు. ఎండలో అసలు కనబడదు. పొద్దున దాకా మా ఆవిడకి కూడా చెప్పలేదు. ఇక మీ ఇష్టం."

 ఇనెస్ స్లేటర్ బల్ల మీద అరచేత్తో చరిచాడు.

"ఒరే అలిక్! ఆర్నెల్లుగా నీ బంతి నాచేత వెతికిస్తున్నావు. వొంగలేక అనుకున్నా కదరా! కప్పు రోజు మంచులో నేను అడుగు తీసి అడుగు వెయ్యలేకపోతుంటే, నువ్వు ఇంట్లో నడిచినట్టు నడిచావు. దెయ్యం పట్టిందేమోనని భయపడి కార్డు మీద కళ్ళు మూసుకుని సంతకం పెట్టా."

"కళ్ళు మూసుకుని పెట్టానని ఇక్కడ అనకు, ఇనెస్," అన్నాడు రిచీ, అలవాటుగా.

అందరికంటే ముందు నవ్వింది విల్మా. నవ్వు ఆపుకోలేక పోయింది. తర్వాత రిచీ రెండు దొంతరలనూ మళ్ళీ చూసి, పుస్తకంలో మబ్బు, ఎండ అన్న మాటలతో ఒక్కొక్క తేదీ సరిచూశాడు. మొహం కందగడ్డలా అయింది. లేచి నిలబడి, తను తొందరపడ్డానని అలిక్‌కీ, ముఖ్యంగా విల్మాకీ క్షమాపణ చెప్పాడు. పాఠశాలలో నలభై ఏళ్లు ఎవరికీ చెప్పి ఉండడు, మాటలు వెతుక్కుంటూ చెప్పాడు. కప్పు అలిక్‌దే. హ్యాండిక్యాప్ మాత్రం వెంటనే పదిహేనుకు కోసెయ్యాలని విల్మా తనే అంది. కమిటీ ఒప్పుకుంది. కళ్ళు బాగైతే ఇంకో రెండు కోసెయ్యండి, నా వల్ల కాదు వీడితో అన్నాడు ఇనెస్.

"ఎండలోనే మరీ ఎక్కువా?" అని రిచీ తలుపు దగ్గర అలిక్‌ను ఆపి అడిగాడు. "మా ఆవిడకీ అంతే ఉండేది. శుక్లాలు. అరగంట పని. ఇప్పుడు నేను అల్మరా మీద దాచిన దుమ్ము కూడా కనబడుతోంది ఆవిడకి. మీ నాన్నగారిది వేరే జబ్బయి ఉంటుంది. వెళ్ళి చూపించుకో, అబ్బాయ్."

డెబ్బై ఒక్క ఏళ్ళ అబ్బాయి అలాగే నిలబడిపోయాడు. తర్వాతి వారం ఎల్గిన్‌లో కళ్ళ డాక్టరు కూడా అదే మాట చెప్పాడు. తేదీ ఇచ్చాడు. కానీ ఆ గురువారం సాయంత్రానికి అదింకా వాళ్ళకు తెలియదు. తెలిసిందల్లా, చూపించుకోవడానికి వెళ్ళొచ్చు, అంత భయపడక్కర్లేదేమో అన్నది మాత్రమే. ఆ కాస్తకే అలిక్ భుజాలు దిగాయి.

ఇద్దరూ గట్టు మీది దారిన ఇంటికి నడిచారు. ఎండ ఇంకా ఉంది, కానీ అది వాళ్ళ వీపుల వెనక ఉంది. పక్షులు అరుస్తున్నాయి. విల్మా ఛాతీ మీంచి బరువు దిగిపోయి, ఊపిరి లోపలికంటా వెళుతోంది. పుస్తకం తిరిగి సంచిలోకి వచ్చింది. ఆమె గాల్లో తేలిపోతున్నట్టుంది.

"పిల్లా," అన్నాడు అలిక్ కొంచెం దూరం వెళ్ళాక. "నువ్వూ అనుకున్నావా?"

అనుకోలేదని చెప్పడం ఎంత తేలికో ఆమెకు తెలుసు. ఆమె మొహం అతనికి సరిగా కనబడదని కూడా తెలుసు.

"అనుకున్నా."

అతను నడుస్తూనే ఉన్నాడు.

"ఎన్నాళ్ళు?"

"పన్నెండు రోజులు."

"పన్నెండేనా?" అన్నాడు. "ఆ కార్డులు చూస్తే నేనే నన్ను అనుమానించేవాణ్ణి. నువ్వు అనుకున్నావని తెలుస్తూనే ఉంది. చేప పెట్టి పక్కకి వెళ్ళిపోకుండా ఎదురుగా కూర్చునేదానివి. అడుగుతావేమోనని రోజూ భయపడ్డా. అడగలేదేమని ఇంకా ఎక్కువ భయపడ్డా."

"అడిగితే కాదంటావని భయపడ్డా నేను. కాదంటే నమ్ముతానో లేదోనని."

"నమ్మేదానివా?"

"తెలీదు, అలిక్. నిజంగా తెలీదు."

అతను ఆగాడు. ఆమె కూడా ఆగి చూసింది. కానీ అతని మొహంలో కోపం లేదు. ఇన్నేళ్లుగా ఈమె రాసిన అంకెల్ని ఊరు ఎందుకు నమ్ముతుందో ఇప్పుడే తెలిసినవాడిలా తల ఊపాడు.

"మంచిదే," అన్నాడు. "నమ్మేదాన్నని అబద్ధం చెప్పి ఉంటే, ఈ కళ్ళ సంగతి నీకు అప్పజెప్పేవాణ్ణి కాదు."

దారిలో రాతి మెట్లొచ్చాయి. చిన్నప్పట్నుంచీ ఎక్కి దిగిన మెట్లే, ఎన్నో కూడా అతనికి తెలుసు. అయినా చెయ్యి చాపాడు. విల్మా పట్టుకుంది.